తేడాలు లేవన్న మాక్రో: ఒక ట్యాక్స్ ఆఫీసు కేస్ స్టడీ

చిన్న ఆఫీసులకు ఎక్సెల్ పనులు తేలిక చేసి పెట్టడం నా వృత్తి. బటన్ నొక్కగానే ఎక్సెల్‌లో పని తనంతట తానే జరిగేలా రాసే చిన్న ప్రోగ్రామ్‌ని మాక్రో అంటారు. "ఈ మాక్రో ఏ ఫైల్ తెరిచినా పనిచేసేలా చేసి పెట్టండి" అని అడగని ఆఫీసు లేదు. అడిగినప్పుడల్లా పది నిమిషాల్లో చేసి ఇచ్చి వచ్చేవాణ్ణి. అది పది నిమిషాల పని కాదని నాకు తెలిసొచ్చింది ఈ ఆఫీసులోనే. అందుకే వివరంగా రాస్తున్నాను. ఆఫీసు పేరు, ఊరు, పార్టీల (అంటే క్లయింట్ల) వివరాలు ఎక్కడా లేవు. విషయానికి అవసరం లేని ఒకటి రెండు సంగతులు మార్చాను.

ఆఫీసు, అక్కడి పని

కోస్తాలో ఒక మోస్తరు పట్టణం. జీఎస్టీ రిటర్నులు వేసే కన్సల్టెన్సీ. ఎనిమిది సిస్టమ్‌లు, వందకు పైగా పార్టీలు. కిరాణా హోల్‌సేల్, ఎరువులు, ఐరన్-సిమెంట్, ఇద్దరు బంగారం షాపుల వాళ్ళు, ఒక కూల్‌డ్రింక్స్ డిస్ట్రిబ్యూటర్. ఒక్కో పార్టీకి ఒక ఫోల్డర్, అందులో ఒక్కో నెలకు ఒక వర్క్‌బుక్.

నెలలో 14 నుంచి 20 దాకా అక్కడ ఎవరూ తలెత్తరు. 14న పోర్టల్లో జీఎస్టీఆర్-2బి, అంటే అమ్మినవాళ్ళు చూపించిన బిల్లుల పట్టిక వస్తుంది, 20లోపు 3బి అనే నెలవారీ రిటర్ను వేయాలి. ఈ మధ్యలో పార్టీ ఇచ్చిన పర్చేజ్ రిజిస్టర్‌నీ 2బినీ పక్కపక్కన పెట్టుకుని, ఏ బిల్లు రెండింటిలో ఉంది, ఏది ఒకదాంట్లోనే ఉంది అని తేల్చాలి. 2022 జనవరి 1 నుంచి, అమ్మినవాడు తన రిటర్నులో చూపించి అది 2బిలోకి రాకపోతే ఆ బిల్లు మీద ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నుని తన పన్నులోంచి తగ్గించుకోవడం) తీసుకోవడానికి లేదు. కాబట్టి ఈ పోలిక సరిగ్గా జరగకపోతే పార్టీ జేబుకే చిల్లు. ఎక్కువ తీసుకుంటే వడ్డీతో కట్టాలి, తక్కువ తీసుకుంటే రావాల్సిన డబ్బు ఆగిపోతుంది.

ఈ పోలిక చేత్తో చేయడం ఎంత కష్టమో ఒక్క బిల్లు నంబరు చూస్తే తెలుస్తుంది. అమ్మినవాడు పోర్టల్లో "ఎస్ఎల్/0045/25-26" అని వేస్తాడు. మన పార్టీ గుమాస్తా రిజిస్టర్లో "45" అని కొడతాడు. మనిషి కంటికి రెండూ ఒకటే, ఎక్సెల్‌కి కావు. గీతలు, సున్నాలు, ఆర్థిక సంవత్సరం తీసేసి నంబరుని ఒక రూపానికి తెచ్చి, అమ్మినవాడి జీఎస్టీ నంబరుతోనూ పన్ను మొత్తంతోనూ కలిపి చూస్తేనే జత కుదురుతుంది. దీనికి నేను అంతకుముందు ఏడాదే వాళ్ళకొక మాక్రో రాసిచ్చాను. తేడా ఉన్న బిల్లులను కొత్త షీటులో జాబితా వేస్తుంది. తేడాలేవీ లేకపోతే షీటు వేయదు, "పూర్తయింది" అని మెసేజ్ మాత్రం చూపిస్తుంది. ఈ చివరి సంగతి గుర్తుంచుకోండి, కథంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

దాంతో పాటు ఇంకో మూడు ఉండేవి. ఒకటి జీఎస్టీ నంబరు సరైనదేనా అని చూసేది. పదిహేను అక్షరాల్లో మొదటి రెండూ రాష్ట్రం కోడ్ (ఆంధ్రప్రదేశ్‌కి 37, తెలంగాణకి 36), తర్వాతి పది పాన్, చివరిది లెక్క సరిచూసే అక్షరం. ఒక్క అక్షరం తప్పు కొట్టినా ఆ చివరి అక్షరం పట్టిచ్చేస్తుంది. రెండోది, బిల్లులో వేసిన పన్ను రేటు చట్టంలో ఉన్న రేటేనా అని చూసేది. మూడోది రూపాయలను అక్షరాల్లో రాసే ఫంక్షన్. థాయ్‌లాండ్ బాట్‌కి ఎక్సెల్‌లోనే అలాంటి ఫంక్షన్ ఉంది. మన రూపాయికి లేదు, రాసుకోవాల్సిందే.

వచ్చిన ఇబ్బంది

ఈ నాలుగూ "మాస్టర్" అనే ఒకే ఒక్క ఫైల్లో ఉండేవి. ఆ ఫైల్ తెరిచి ఉంటేనే మాక్రోలు పనిచేస్తాయి. హడావుడిలో ఎవరో దాన్ని మూసేస్తారు, బటన్ పనిచేయదు. దాంతో స్టాఫ్ తలా ఒక దారి పట్టారు. ఒకబ్బాయి మాక్రో కోడ్‌ని ప్రతి పార్టీ ఫైల్లోకీ కాపీ చేసుకున్నాడు. ఆ ఫైళ్ళు మామూలు ఎక్స్‌ఎల్‌ఎస్‌ఎక్స్ ఫైళ్ళు. సేవ్ చేసేటప్పుడు "మాక్రోలు ఉండవు, పర్లేదా" అని ఎక్సెల్ అడుగుతుంది, అతను అవునంటాడు, మర్నాడు కోడ్ మాయం. ఇంకొకమ్మాయి వాటిని మాక్రోలు ఉండే రకంగా సేవ్ చేసింది. ఆవిడ సిస్టమ్‌లో నలభై ఫైళ్ళు, నలభై కోడ్ కాపీలు. అందులో ఒకటి పార్టీకి మెయిల్ చేస్తే వాళ్ళ దగ్గర ఎర్ర పట్టీతో మాక్రోలు బ్లాక్ అని వచ్చింది. ఇంటర్నెట్ నుంచి వచ్చిన ఫైళ్ళలోని మాక్రోలను 2022 నుంచి మైక్రోసాఫ్ట్ మామూలుగానే ఆపేస్తోంది. పార్టీ భయపడి ఆఫీసు నడిపే సార్‌కి ఫోన్ చేశాడు, "వైరస్ పంపారేంటండీ" అని.

2025 జూన్‌లో సార్ నన్ను పిలిచి, "మాస్టర్ ఫైల్ గొడవ వద్దు. ఎవరు ఏ ఫైల్ తెరిచినా బటన్ అక్కడే ఉండాలి" అన్నారు.

మొదటి ప్రయత్నం: పర్సనల్ ఫైల్

ఎక్సెల్‌లో దీనికి అందరికీ తెలిసిన దారి ఒకటుంది. రికార్డ్ మాక్రో నొక్కి, ఎక్కడ దాచాలి అన్న చోట "పర్సనల్ మాక్రో వర్క్‌బుక్" ఎంచుకుని, ఏదో ఒక గడి నొక్కి ఆపేస్తే చాలు. పర్సనల్ డాట్ ఎక్స్‌ఎల్‌ఎస్‌బి అనే ఫైల్ తయారవుతుంది. అది యూజర్ యాప్‌డేటాలోని ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ఫోల్డర్లో కూర్చుంటుంది. ఆ ఫోల్డర్లో ఏముంటే అది ఎక్సెల్‌తో పాటే తెరుచుకుంటుంది. పర్సనల్ ఫైల్ తెరుచుకుంటుంది గానీ కనిపించదు, దాని విండో దాగి ఉంటుంది. అందులోని మాక్రోలు మాత్రం ఏ వర్క్‌బుక్‌లో ఉన్నా అందుతాయి.

నేను దీన్నే ఎంచుకున్నాను. సర్వర్ లేదు, నెట్‌వర్క్ అనుమతులు అక్కర్లేదు, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ ముందునుంచే నమ్మకమైన ఫోల్డర్ల జాబితాలో ఉంటుంది కాబట్టి సెక్యూరిటీ మెసేజ్‌లు రావు. ఎనిమిది సిస్టమ్‌లు, ఒక మధ్యాహ్నం పని. కోడ్ ఉన్న మాడ్యూళ్ళు లాగి పర్సనల్ ఫైల్లో వేశాను, పైన క్విక్ యాక్సెస్ టూల్‌బార్‌లో బటన్లు పెట్టాను, ప్రతి సిస్టమ్‌లో ఒకసారి నొక్కి చూశాను. "పూర్తయింది" అని వచ్చింది. ఇంటికొచ్చేశాను.

జూలై 17 సాయంత్రం ఆ ఆఫీసులో సీనియర్ అయిన అక్క ఫోన్ చేశారు. ఆవిడకి అక్కడ పదిహేనేళ్ళ అనుభవం. "బాబూ, ఈ ఐరన్ పార్టీకి ప్రతి నెలా రెండో మూడో బిల్లులు తేడా వస్తాయి. ఆ సప్లయర్ ఎప్పుడూ లేటుగానే వేస్తాడు. ఈ నెల ఒక్కటీ లేదంటోంది. వాడు మారాడంటే నేను నమ్మను" అన్నారు.

నేనూ నమ్మలేదు. వెంటనే వెళ్ళాను. ఆవిడ ముందే బటన్ నొక్కాను. స్క్రీన్ ఒక్కసారి మినుకుమంది, "పూర్తయింది" అని వచ్చింది, కొత్త షీటు లేదు. తర్వాత వ్యూ ట్యాబ్‌లో అన్‌హైడ్ నొక్కి పర్సనల్ ఫైల్‌ని బయటకు తీశాను.

అందులో పదకొండు షీట్లు ఉన్నాయి. ఒక్కోదానికి తేదీ, సమయం పేరుగా ఉంది. తేడాలన్నీ అందులోనే ఉన్నాయి. ఐరన్ పార్టీవి మూడు బిల్లులు, అక్క చెప్పిన సప్లయర్‌వే. మాక్రో పని సరిగ్గానే చేసింది, ఫలితాన్ని మాత్రం ఎవరికీ కనిపించని ఫైల్లో రాసింది.

కారణం ఒక్క పదం. ఎక్సెల్ మాక్రో భాషలో "థిస్‌వర్క్‌బుక్" అంటే కోడ్ ఎక్కడ ఉందో ఆ ఫైల్. "యాక్టివ్‌వర్క్‌బుక్" అంటే ఇప్పుడు మన కళ్ళ ముందున్న ఫైల్. పోలిక చేసే భాగంలో నేను యాక్టివ్‌వర్క్‌బుక్ అనే రాశాను. రిపోర్టు షీటు చేర్చే ఒక్క వరుసలో మాత్రం థిస్‌వర్క్‌బుక్ అని ఉంది. మాస్టర్ ఫైల్ ఉన్న రోజుల్లో స్టాఫ్ డేటాని ఆ ఫైల్లోకే తెచ్చి వేసుకునేవాళ్ళు కాబట్టి కోడ్ ఉన్న ఫైలూ, కళ్ళ ముందున్న ఫైలూ ఒకటే. ఏడాది పాటు ఆ వరుస తప్పని తెలిసే అవకాశమే లేదు. కోడ్ ఇల్లు మారిన రోజున అది తప్పయింది. నేను సిస్టమ్‌లలో పరీక్షించినప్పుడు తేడాలు ఉండవని ముందే తెలిసిన చిన్న నమూనాతో చూశాను. తేడాలున్న ఫైల్‌తో చూసి ఉంటే మొదటి సిస్టమ్‌లోనే దొరికేది. ఆ పొరపాటు పూర్తిగా నాదే.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ కలవరపెట్టింది. ఎక్సెల్ మూసేటప్పుడు "పర్సనల్ మాక్రో వర్క్‌బుక్‌లో మార్పులు సేవ్ చేయాలా" అని అడిగేది. పని చేసుకునేవాళ్ళు అదేంటో తెలియక కొందరు సేవ్, కొందరు వద్దు అన్నారు. వద్దన్నవాళ్ళ దగ్గర ఆ రిపోర్టుల ఆనవాలే లేదు. సేవ్ అన్నవాళ్ళ దగ్గర పదిమంది పార్టీల కొనుగోళ్ళ వివరాలు ఒకే దాగిన ఫైల్లో పోగుపడ్డాయి. ఇద్దరు "ఈ మధ్య ఎక్సెల్ తెరుచుకోవడం లేటవుతోంది, ఫార్మాట్ కొట్టాలేమో" అని అనుకుంటున్నారు. ఆ బరువు అదే.

ఆ రాత్రి ఎనిమిది సిస్టమ్‌లలోనూ ఆ వరుస మార్చి, దాగిన షీట్లన్నీ బయటకు తీసి, ఎవరి పార్టీవి వాళ్ళ ఫోల్డర్లకు పంపాం. అప్పటికి ఫైల్ చేసిన రిటర్నులు నాలుగు. నాలుగింటినీ అక్క కూర్చుని మళ్ళీ సరిచూశారు. ఒకదాంట్లో 2బిలో లేని ఒక బిల్లు క్రెడిట్ తీసుకుని ఉన్నారు. సార్ పార్టీకి స్వయంగా చెప్పి, తర్వాతి నెల రిటర్నులో దాన్ని సరిచేశారు.

కాపీలు విడిపోయిన సంగతి

ఆ తప్పు దిద్దాక పర్సనల్ ఫైల్ దారే సరైనదనుకుని ఇంకో రెండు నెలలు కొనసాగించాను. చిన్న చిన్న చికాకులు ఉండేవి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి రిజిస్టర్ నేరుగా ఎక్సెల్‌కి పంపినప్పుడు ఒక్కోసారి విడిగా ఇంకో ఎక్సెల్ మొదలయ్యేది. అలా వేరే ప్రోగ్రామ్ తెరిచిన ఎక్సెల్‌లోకి పర్సనల్ ఫైల్ రాదు, బటన్ నొక్కితే మాక్రో దొరకలేదంటుంది. మామూలుగా రెండో ఎక్సెల్ తెరిస్తే "పర్సనల్ ఫైల్ వేరొకరు వాడుతున్నారు" అని మెసేజ్. ఒకరోజు కరెంటు పోయి సిస్టమ్ ఆగిపోయాక ఒక అమ్మాయికి మాక్రోలన్నీ పోయాయి. ఎక్సెల్ ఆ ఫైల్‌ని అనుమానించి పక్కన పెట్టింది. ఆప్షన్స్‌లో యాడ్-ఇన్స్ పేజీ కింద "డిసేబుల్డ్ ఐటమ్స్" అని ఒక జాబితా ఉంటుంది, అక్కడికి వెళ్ళి తిరిగి అనుమతిస్తే వచ్చేసింది. ఇవన్నీ ఫోన్లో చెప్పి సర్దే రకం.

సెప్టెంబరు 22 మాత్రం అలా సర్దుకోలేదు. ఆ రోజు నుంచి జీఎస్టీ రేట్లు మారాయి. 12, 28 శాతం స్లాబులు చాలావరకు పోయి 5, 18 మిగిలాయి, కొన్ని సరుకులకు 40 వచ్చింది. నా రేటు మాక్రోలో పాత రేట్లు కోడ్‌లోనే రాసి ఉన్నాయి. వారం ముందే మార్చి, కొత్త కోడ్‌నీ, ఎలా మార్చుకోవాలో నాలుగు వాక్యాల్లో వివరణనీ మెయిల్ చేశాను. అక్టోబరు 15న ఒకే పార్టీ ఫైల్ మీద ఇద్దరు స్టాఫ్ వాదించుకుంటున్నారని తెలిసింది. కూల్‌డ్రింక్స్ డిస్ట్రిబ్యూటర్ ఫైల్ అది. ఒకరి సిస్టమ్‌లో సెప్టెంబరు ఆఖరి వారం బిల్లులన్నీ ఎర్రగా, "రేటు తప్పు" అని. ఇంకొకరి దగ్గర ఒక్క ఎర్ర గడి లేదు. కూల్‌డ్రింక్స్ 40 శాతంలోకి వెళ్ళాయి. మొదటి సిస్టమ్‌లో మాక్రోకి 40 అనే రేటు ఉందనే తెలియదు.

ఎనిమిదింటిలో ఐదు మారాయి, మూడు మారలేదు. వాళ్ళను తప్పుపట్టడానికి లేదు. 20లోపు రిటర్నులు వేయాల్సిన మనిషిని కోడ్ ఎడిటర్ తెరిచి పాతది తీసి కొత్తది అతికించమని అడగడమే తప్పు. ఎనిమిది చోట్ల ఎనిమిది కాపీలుంటే అవి ఎప్పటికో ఒకప్పటికి విడిపోతాయి. ఒక్క కాపీ ఉండాలి, అందరూ దాన్నే చూడాలి అని అక్కడ నిశ్చయించుకున్నాను.

రెండో ప్రయత్నం: అందరికీ ఒకే ఫోల్డర్

ఎక్సెల్ ఆప్షన్స్‌లో అడ్వాన్స్‌డ్ పేజీ కిందికి వెళితే "ఎక్సెల్ మొదలైనప్పుడు ఈ ఫోల్డర్లోని ఫైళ్ళన్నీ తెరువు" అనే గడి ఉంటుంది. ఆఫీసులో సార్ సిస్టమ్‌నే సర్వర్‌లా వాడుకుంటారు. అందులో ఒక షేర్డ్ ఫోల్డర్ చేసి, పర్సనల్ ఫైల్ ఒకే ఒక్కటి అందులో పెట్టి, అందరి ఎక్సెల్‌లకూ ఆ ఫోల్డర్ చూపించాను. మార్పు ఒక్కచోట చేస్తే చాలు కదా అని.

ఇది వారం కూడా నిలవలేదు. పొద్దున ముందుగా ఎక్సెల్ తెరిచినవాళ్ళకి ఫైల్ దక్కుతుంది, మిగతా ఏడుగురికీ "వేరొకరు వాడుతున్నారు, రీడ్-ఓన్లీగా తెరవాలా" అన్న ప్రశ్న. రోజూ పొద్దున్నే ఏడుగురు ఏడు విసుగులతో పని మొదలుపెట్టాలి. నాలుగో రోజు ఇంకో వింత. ఎవరో ఒక పార్టీ ట్రయల్ బ్యాలెన్స్‌ని పొరపాటున ఆ ఫోల్డర్లో సేవ్ చేశారు. మర్నాడు ఎనిమిది సిస్టమ్‌లలోనూ ఎక్సెల్ తెరవగానే ఆ పార్టీ లెక్కలు స్క్రీన్ మీదికొచ్చాయి. ఫోల్డర్లో ఏదుంటే అది తెరవడమే దాని పని, మంచీ చెడూ దానికి తెలియదు. ఆ గడి ఖాళీ చేసేశాం.

మూడో ప్రయత్నం: యాడ్-ఇన్

ఇక మిగిలింది యాడ్-ఇన్, అంటే ఎక్సెల్‌కి కొత్త బటన్లు, ఫంక్షన్లు చేర్చే ఫైల్. ముందే ఇది ఎందుకు చేయలేదంటే, బటన్లు తయారుచేయడం ఎక్కువ పని. ఎక్స్‌ఎల్‌ఏఎమ్ రకంగా సేవ్ చేసిన ఫైల్లోని మాక్రోలు మాక్రోల జాబితాలో కనిపించవు. ఆల్ట్-ఎఫ్8 నొక్కడం అలవాటైనవాళ్ళకి అది ఖాళీగా ఉంటుంది. కాబట్టి రిబ్బన్‌లో (ఎక్సెల్ పైన బటన్లుండే పట్టీలో) సొంత ట్యాబ్ పెట్టి తీరాలి. ఆ పని రెండు రోజులు పట్టింది, పెట్టాల్సిన రెండు రోజులే అవి.

యాడ్-ఇన్ ఎంచుకోవడానికి కారణాలు మూడు కనిపించాయి. అది వర్క్‌బుక్‌లా ప్రవర్తించదు, మూసేటప్పుడు సేవ్ చేయాలా అని అడగదు. దాని ఫంక్షన్లు మామూలు ఫంక్షన్లలా పేరుతోనే పనిచేస్తాయి. పర్సనల్ ఫైల్లో ఉన్న ఫంక్షన్‌ని పిలవాలంటే ముందు ఫైల్ పేరు, ఆశ్చర్యార్థకం, తర్వాత ఫంక్షన్ పేరు రాయాలి, స్టాఫ్‌కి అది ఎప్పుడూ గుర్తుండేది కాదు. మూడోది, ట్యాబ్ కూడా ఆ ఫైల్లోనే ఉంటుంది కాబట్టి ఫైల్ వస్తే బటన్లూ వస్తాయి.

అయితే ఆ మొదటి కారణంలోనే ప్రమాదం ఉందని జూలై అనుభవం గుర్తుచేసింది. సేవ్ చేయాలా అని అడగదు అంటే, పొరపాటున యాడ్-ఇన్‌లోకి ఏదైనా రాస్తే అది మాటా పలుకూ లేకుండా పోతుంది. పర్సనల్ ఫైల్లో కనీసం ఆ షీట్లు దొరికాయి. యాడ్-ఇన్‌లో అవీ దొరికేవి కావు. అందుకే కోడ్ మొత్తం వెతికి, థిస్‌వర్క్‌బుక్ అన్న ప్రతి చోటా ఆగి, ఇక్కడ ఇది ఎందుకు అని నాకు నేను సమాధానం చెప్పుకుని గానీ ముందుకు వెళ్ళలేదు. రేట్ల పట్టిక చదివే ఒక్క చోట తప్ప అన్నీ పోయాయి. ఆ పట్టికని మాత్రం యాడ్-ఇన్ లోపలి షీటులో పెట్టాను, ఈసారి రేట్లు మారితే కోడ్ ముట్టుకోనక్కర్లేదు.

మొదట యాడ్-ఇన్‌ని షేర్డ్ ఫోల్డర్లోనే ఉంచి అందరినీ అక్కడి నుంచే వాడమన్నాను. ఫైల్‌కి రీడ్-ఓన్లీ గుర్తు పెట్టడంతో ఎవరికీ తాళం పడలేదు. కానీ సార్ సిస్టమ్ ఆలస్యంగా ఆన్ అయిన పొద్దున, ముందుగా వచ్చిన ఇద్దరికి "యాడ్-ఇన్ కనిపించడం లేదు, జాబితా నుంచి తీసేయాలా" అని వచ్చింది. ఒకరు అవునన్నారు, ట్యాబ్ పోయింది. ఇంకో సిస్టమ్‌లో నేనే బ్రౌజ్ చేసి చేరుస్తున్నప్పుడు "మీ సొంత ఫోల్డర్లోకి కాపీ చేయనా" అని ఎక్సెల్ అడిగితే చూసుకోకుండా అవునన్నాను. ఆ సిస్టమ్ అప్పటి కాపీతోనే ఉండిపోయింది. మళ్ళీ అదే జబ్బు.

చివరికి కుదిరిన పద్ధతి ఇది. అసలు ఫైల్ షేర్డ్ ఫోల్డర్లో ఒక్కటే. ప్రతి సిస్టమ్‌లో సి డ్రైవ్ మీద ఒకే పేరుతో ఒక ఫోల్డర్. సిస్టమ్ ఆన్ అవగానే ఒక చిన్న బ్యాచ్ ఫైల్ (విండోస్‌కి ఇచ్చే ఆదేశాలు రాసి ఉంచిన ఫైల్), షేర్డ్ ఫోల్డర్లో ఉన్నది కొత్తదైతేనే ఈ ఫోల్డర్లోకి కాపీ చేస్తుంది. ఎక్సెల్ ఎప్పుడూ లోకల్ ఫైల్‌నే తెరుస్తుంది. సార్ సిస్టమ్ ఆపి ఉన్నా పని ఆగదు, నిన్నటి కాపీ ఉంటుంది. ఆ లోకల్ ఫోల్డర్‌ని ట్రస్ట్ సెంటర్‌లో నమ్మకమైన చోటుగా చేర్చాం. నెట్‌వర్క్ ఫోల్డర్లను నమ్మాలంటే విడిగా టిక్ పెట్టాలి, మైక్రోసాఫ్టే వద్దంటుంది, దాని అవసరమూ తప్పింది.

ఫోల్డర్ పేరు అందరి దగ్గరా ఒకటే ఉండాలన్న పట్టుదలకి కారణం ఉంది. యాడ్-ఇన్ ఫంక్షన్ వాడిన ఫార్ములాలో ఎక్సెల్ ఆ యాడ్-ఇన్ ఉన్న దారిని కూడా గుర్తుపెట్టుకుంటుంది. యూజర్ పేరుతో ఉండే ఫోల్డర్లో పెడితే, ఒకరు చేసిన ఫైల్ ఇంకొకరు తెరిచినప్పుడు రూపాయల అక్షరాల చోట పొడుగాటి దారి, దాని వెనక ఎర్రర్ వచ్చే అవకాశం ఉంటుంది. పాత పర్సనల్ ఫైల్ రోజుల ఫార్ములాలు అలాగే విరిగి కనిపించాయి. రీప్లేస్‌లో ఆ ముందు భాగం ఇచ్చి, బదులుగా ఏమీ ఇవ్వకుండా అన్నీ మార్చేశాం. ఇక పార్టీకి వెళ్ళే ఫైళ్ళ సంగతి వేరు, వాళ్ళ దగ్గర యాడ్-ఇన్ ఉండదు. ట్యాబ్‌లో "బయటికి పంపేముందు" అని ఒక బటన్ పెట్టాను. అది సొంత ఫంక్షన్లున్న గడుల్లో ఫార్ములా తీసేసి విలువ మాత్రం ఉంచిన కాపీ చేస్తుంది.

ఒక సిస్టమ్‌లో మాత్రం టిక్ పెట్టినా ట్యాబ్ రాలేదు, ఎర్రర్ కూడా లేదు. గంటన్నర తల పట్టుకున్నాను. ఆ సిస్టమ్ వాళ్ళు తొందరలో షేర్డ్ ఫోల్డర్ వదిలి నేను మెయిల్ చేసిన పాత ప్రతినే, అది దిగిన చోటి నుంచే చేర్చుకున్నారు. మెయిల్ నుంచి దిగిన ఫైల్‌కి విండోస్ ఒక గుర్తు వేస్తుంది. ప్రాపర్టీస్ తెరిస్తే కింద "అన్‌బ్లాక్" అనే గడి కనిపించింది. అప్పటి నుంచి మెయిల్‌లో, వాట్సాప్‌లో యాడ్-ఇన్ పంపడం మానేశాను. రావాల్సింది షేర్డ్ ఫోల్డర్ నుంచే.

అన్ని ఫైళ్ళలోనూ పనిచేయడం అంటే

ఇన్ని వారాల్లో నేను ఎక్కువగా ఆలోచించింది ఫోల్డర్ల గురించి కాదు. మాక్రో ఒక ఫైల్లో ఉన్నంతకాలం అది ఆ ఫైల్‌నే మార్చగలదు. అన్ని ఫైళ్ళకూ అందేలా చేసిన రోజు నుంచి అది ఏ ఫైల్‌నైనా మార్చగలదు. పార్టీ బ్యాలెన్స్ షీటు తెరిచి ఉండగా చెయ్యి జారి ఏదో ఒక బటన్ మీద పడితే? మాక్రో నడిచాక అన్‌డూ కూడా ఉండదు, కంట్రోల్-జెడ్ నొక్కినా వెనక్కి రాదు. ఈ సంగతి చాలామందికి అప్పటిదాకా తెలియదు, తెలిశాక టెన్షన్ పడ్డారు. పడాల్సిందే.

అందుకే ప్రతి మాక్రోకి ముందు రెండు తలుపులు పెట్టాను. మొదట అది ముందున్న షీటులో తనకు కావాల్సిన శీర్షికలు వెతుకుతుంది. సప్లయర్ జీఎస్టీ నంబరు, బిల్లు నంబరు, పన్ను విలువ కనిపించకపోతే "ఇది పర్చేజ్ రిజిస్టర్ కాదు" అని ఆగిపోతుంది. పోర్టల్ నుంచి దిగిన 2బిలో శీర్షికలు మెర్జ్ చేసిన గడుల్లో ఉంటాయి, అందుకని వరుస నంబరు నమ్మకుండా పేరుతోనే వెతికేలా రాశాను. రెండోది, ఫైల్ పేరు పెద్ద అక్షరాల్లో చూపించి, ఈ పార్టీదేనా అని అడుగుతుంది. ఈ ప్రశ్న అక్కర్లేదని కుర్రవాళ్ళు అన్నారు. అక్క ఒప్పుకోలేదు, ఉంచాం. మాక్రోలేవీ ఉన్న డేటా మీద రాయవు, కొత్త షీటులోనే ఫలితం వేస్తాయి.

"పూర్తయింది" అన్న మెసేజ్ కూడా మార్చాను. ఇప్పుడు "ఫలానా ఫైల్లో 212 బిల్లులు చూశాను, 209 జత కుదిరాయి, 3 తేడాలు, ఫలితం ఫలానా షీటులో ఉంది" అని చెబుతుంది. తేడాలు లేకపోయినా షీటు వేసి, అందులో సున్నా అని రాస్తుంది. జూలైలో అందరూ ఖాళీని చూసి తేడాలు లేవనుకున్నారు. ఇప్పుడు షీటే రాకపోతే ఏదో జరిగిందని ఎవరికైనా తెలుస్తుంది.

ఒక మాక్రో మాత్రం రాయకుండా తప్పించుకున్నాం. అంకెలకు లక్షలు, కోట్ల పద్ధతిలో కామాలు వేసే బటన్ కావాలని స్టాఫ్ మొదటినుంచీ అడుగుతున్నారు. విండోస్ రీజియన్ సెట్టింగ్‌లో అంకెల గుంపుని మన పద్ధతికి మారిస్తే ఎక్సెల్ దాన్నే అనుసరిస్తుంది. ఎనిమిది సిస్టమ్‌లలో అది మార్చాం, అడగడం ఆగింది.

ఇప్పటి స్థితి

నవంబరు మధ్య నుంచి యాడ్-ఇన్ మీదే నడుస్తున్నారు. పర్సనల్ ఫైళ్ళను తెరిచి, మిగిలిన షీట్లు లేవని చూసుకుని, ఎక్స్‌ఎల్‌స్టార్ట్ నుంచి తీసేశాం. ఒకబ్బాయి సొంతంగా రికార్డ్ చేసుకున్న చిన్న మాక్రోలు మాత్రం అతని పర్సనల్ ఫైల్లోనే ఉంచాను. ఒకరే వాడే పనికి అది మంచి చోటే.

బ్యాచ్ ఫైల్ నడవకముందే ఎవరైనా ఎక్సెల్ తెరిస్తే, వాడకంలో ఉన్న ఫైల్ మీద కొత్తది కాపీ కాదు, ఆ రోజంతా పాతదే ఉంటుంది. దీన్ని పూర్తిగా ఆపే ఉపాయం నా దగ్గర ఇంకా లేదు. ట్యాబ్ మొదట్లోనే వెర్షన్ నంబరు కనిపించేలా పెట్టాను. షేర్డ్ ఫోల్డర్లో ఇప్పుడున్న ఫైల్ వెర్షన్ నంబరు రాసిన చీటీని అక్క గోడకి అతికించారు. 14వ తేదీ పొద్దున ఆవిడ ఒక్కో సీటు దగ్గరికీ వెళ్ళి స్క్రీన్ మీది నంబరుని చీటీతో పోల్చి చూస్తారు. కలవని చోట ఎక్సెల్ మూయించి, బ్యాచ్ ఫైల్ నడిపించి, మళ్ళీ తెరిపించాకే మొదటి 2బి డౌన్‌లోడ్ చేయనిస్తారు.